ఎండ కాసే చలిరోజుకి ఒక మ్యాపు: ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 146 రివ్యూ

డిసెంబరు 21న లండనులో సూర్యుడు ఎనిమిది దాటాక లేచి, మధ్యాహ్నం 3:53కల్లా దిగిపోతాడు. ఎనిమిది గంటలు కూడా నిండని ఆ పగలు మబ్బూ ముసురూ లేకుండా దొరకడమే గగనం. అది సెలవు రోజున దొరికితే ఇక చెప్పేదేముంది! గడ్డి మీద తెల్లమంచు పేరుకుని, పైన తుడిచిపెట్టినట్టు నీలాకాశం ఉన్నప్పుడు ఊరవతలి పొలాల్లోనో గుట్టల మీదో నడిచి రావాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనిపించగానే మనవాళ్ళు ముందు బూట్లు కొంటారు, తర్వాత జాకెట్టు కొంటారు. మ్యాపు మాత్రం ఫోన్లో ఉందిలే అని వదిలేస్తారు. ముందు కొనాల్సింది ఆ వదిలేసినదే.

ఇక్కడ రివ్యూ చేస్తున్నది బ్రిటన్ జాతీయ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వేవారి ఎక్స్‌ప్లోరర్ వరసలో 146వ షీటు. డోర్కింగ్, బాక్స్ హిల్, రైగేట్ ప్రాంతాలది. నారింజరంగు అట్ట ఉంటుంది. లండనుకు దక్షిణాన ఉండేవాళ్ళకి వాటర్లూ నుంచో విక్టోరియా నుంచో గంట లోపు రైలు ప్రయాణం. రెడింగ్‌లో ఉండే తెలుగువాళ్ళకి గాట్విక్ వైపు వెళ్ళే రైలు నేరుగా డోర్కింగ్ డీప్‌డీన్‌లో దింపుతుంది. వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళు తమ ప్రాంతపు షీటు నంబరు చూసుకోవాలి. మ్యాపు చదివే పద్ధతి ఇంగ్లండు, వేల్సు అంతటా ఒకటే. స్కాట్లండులో నడకహక్కుల చట్టమే వేరు కాబట్టి నడిచే హక్కున్న బాటలని చూపే ఆకుపచ్చ గీతలు అక్కడి షీట్లలో కనబడవు.

గీతల సంగతే ముందు చూద్దాం, ఈ మ్యాపుకి డబ్బు పెట్టేది వాటికోసమే. స్కేలు 1:25,000. అంటే మ్యాపు మీద నాలుగు సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. పొట్టి ఆకుపచ్చ గీతల వరస ఫుట్‌పాత్, అంటే కాలినడకకి మాత్రమే. పొడుగు గీతల వరస బ్రిడిల్‌వే. అందులో నడిచేవాళ్ళతోపాటు గుర్రాలు, సైకిళ్ళు కూడా వస్తాయి. మధ్యమధ్య ఆకుపచ్చ వజ్రం గుర్తులు కనిపిస్తే అది నార్త్ డౌన్స్ వే లాంటి పేరున్న దూరపు బాట. లేత పసుపు పులిమిన చోట బాట వదిలి కూడా తిరగొచ్చు, 2000 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది.

ఈ ఆకుపచ్చ గీత రైతు పొలం మధ్యలోంచి పోతున్నా, ఎవరి ఇంటి పెరటి పక్కనుంచి పోతున్నా అక్కడ నడిచే హక్కు మీకుంది. "ఎవరి పొలమో ఏమో, అరుస్తారేమో" అని గేటు దగ్గరే ఆగిపోయే వాళ్ళకి దీనంత ధైర్యమిచ్చే కాగితం లేదు. పొలాన్ని అడ్డంగా కోసే ఫుట్‌పాత్‌ని దున్నేస్తే 14 రోజుల్లోగా కనీసం మీటరు వెడల్పున మళ్ళీ బాట చేసివ్వాల్సిన బాధ్యత రైతుది. అందుకని గోధుమ మొలకల మధ్య సన్నగా తొక్కిన చార కనిపిస్తే మొహమాటపడి గట్టు చుట్టూ తిరగొద్దు. ఒకరి వెనక ఒకరుగా ఆ చారలోనే నడవండి. రైతు కోరుకునేదీ అదే.

ఎక్కువమంది పొరబడేది నల్ల చుక్కగీతల దగ్గర. నల్లగా ఉన్నది నేల మీద బాట ఉందని మాత్రమే చెబుతుంది, నడిచే హక్కు ఉందని కాదు. సాయంత్రం మూడున్నరకి దగ్గరదారి కదా అని నల్లగీత పట్టుకుపోతే చివర తాళం వేసిన గేటు ఎదురుకావచ్చు. అప్పటికి వెనక్కి తిరిగి రావడానికి వెలుగు మిగలదు.

అదే సంస్థ గులాబీ అట్టతో అమ్మే ల్యాండ్‌రేంజర్ వరస 1:50,000 స్కేలుది. ఒక్క షీటులో ఎక్కువ మేర వస్తుంది కదా అని దాన్ని కొనేవాళ్ళున్నారు. కారులోనో సైకిలు మీదో తిరిగేవాళ్ళకి అది మంచిదే. నడకకి వద్దు. కారణం ఒక్కటే: అందులో పొలాల హద్దులు ఉండవు. ఎక్స్‌ప్లోరర్‌లో ప్రతి కంచె, ప్రతి కంపగట్టు సన్నని నల్లగీతగా ఉంటుంది. గేటులోంచి పొలంలోకి అడుగుపెట్టగానే తెలియాల్సింది బాట కంచెకి కుడిపక్కనా ఎడమపక్కనా అన్నది. తప్పు పక్కన నడిస్తే అరకిలోమీటరు తర్వాత ముళ్ళకంచె, అవతల కనిపిస్తూ ఉన్న బాట, దాటడానికి దారి లేదు. ఈ ఒక్క చిక్కు తప్పించినా మ్యాపు ఖరీదు గిట్టినట్టే. గూగుల్ మ్యాప్స్ ఊరి రోడ్లకి భేషుగ్గా ఉంటుంది కానీ ఈ కంచెల సంగతి, ఈ హక్కుల సంగతి దాన్ని అడిగి లాభం లేదు.

ఇవన్నీ ఏ కాలంలోనైనా పనికొచ్చేవే. చలికాలంలో మాత్రం ఈ మ్యాపు అసలు పని నడకకి ముందురోజు రాత్రి, భోజనాలయ్యాక బల్ల మీద పరిచినప్పుడే మొదలవుతుంది. ఎండ ఎక్కడ పడుతుంది, బురద ఎక్కడ ఉంటుంది, ఏ గంటకి ఎక్కడ ఉండాలి అన్న మూడు ప్రశ్నలకీ అందులోంచి జవాబు లాగవచ్చు. ఫోను అద్దం మీద అరచేతి మేర ముక్కలు జరుపుకుంటూ చూస్తే ఈ పని సాగదు. కొండా, లోయా, ఊరూ, స్టేషనూ ఒక్క చూపులో కనబడాలి.

ఎండ లెక్క ఇదీ. డిసెంబరు నెలాఖరులో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. లండను దగ్గర 15 డిగ్రీలే. పదడుగుల కంపగట్టు మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ముప్పై ఆరు, ముప్పై ఏడడుగుల నీడ పరుస్తుంది. ఉత్తరానికి దిగే వాలు 15 డిగ్రీలు దాటితే ఆ రోజుల్లో దాని మీద ఎండపొడ పడదు. పొద్దున పేరుకున్న మంచు సాయంత్రానికీ అలాగే ఉంటుంది.

ఆ వాలు మ్యాపులో ఎంతుందో కొలవడం తేలిక. ఈ షీటులో నేల ఎత్తుని చూపే గోధుమరంగు కాంటూరు గీతలు ఐదు మీటర్లకొకటి, ప్రతి ఐదో గీత దళసరిగా ఉంటుంది. అంటే దళసరి గీతకీ దళసరి గీతకీ మధ్య 25 మీటర్ల ఎత్తు. ఆ రెండిటి మధ్య దూరం స్కేలుతో కొలిస్తే నాలుగు మిల్లీమీటర్ల కన్నా తక్కువ వచ్చిందా, వాలు దాదాపు 15 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో ఉన్నట్టే. వాలు ఉత్తరం వైపుకి దిగుతుంటే ఆ దారి తీసేయండి, దక్షిణం వైపుకైతే అక్కడే భోజనం. ఎత్తు అంకెలు వేసిన తీరు చూసినా దిక్కు తెలుస్తుంది, అంకెల తల ఎప్పుడూ ఎగువ వైపే ఉంటుంది.

బురద లెక్క ఇంకొంచెం చమత్కారం. నేల ఏ రకమో ఈ మ్యాపు చెప్పదు, ఇది దాని పెద్ద లోటు. కానీ నీళ్ళని చూసి నేలని పట్టుకోవచ్చు. లోయ లోతుగా ఉండి అడుగున నీలిగీత లేకపోతే అది సుద్ద నేల, నీరు లోపలికి ఇంకిపోతుంది. పొలం మూలమూలకీ చిన్న చెరువులు, కంచెల వెంబడి నీలపు సన్నగీతల్లో కాలవలు కనిపిస్తే అది బంకమన్ను. కొండ అడుగున ఊటలని సూచించే మాటలు వరసగా రాసి ఉంటే సుద్ద ముగిసి బంకమన్ను మొదలైన చోటు అదే. ఊరి పేరులో హీత్ అని ఉంటే చాలావరకు ఇసుక నేల, వాన పడ్డ మర్నాడే నడవచ్చు. ఈ ప్రాంతంలో ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంటే ముందు సుద్దకొండ, దాని కాళ్ళ దగ్గర సన్నని బంకమట్టి పట్టీ, తర్వాత ఇసుకరాతి గుట్టలు, ఆ తర్వాత వీల్డ్ అనే విశాలమైన బంకమట్టి మైదానం. లీత్ హిల్ ఆ ఇసుకరాతి వరసలోది, సముద్రమట్టానికి 294 మీటర్లు. వారం రోజులు వానలు కురిసి ఎండ కాస్తే బాక్స్ హిల్ కన్నా అదే మేలు. వీల్డ్ బంకమట్టి సంగతి రేగడి నేల తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేసేసరికి బూటుకి బూటంత మట్టి. అనుమానం ఉంటే బ్రిటిష్ జియలాజికల్ సర్వే భూగర్భ మ్యాపు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చూస్తే తర్వాత ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే చాలు.

సుద్ద నేలంతా పొడిగా ఉంటుందని నమ్మితే మాత్రం దెబ్బతింటారు. బాక్స్ హిల్ పైన చదునుగా ఉన్న మేర సుద్ద మీద చెకుముకి రాళ్ళు కలిసిన బంకమట్టి దుప్పటి పరిచి ఉంది. వాలు మీద కాలు నిలుస్తుంది, పైకెక్కాక అడవిలో బురద. కొత్తవాళ్ళు కొండ ఎక్కేశాం, ఇక హాయి అనుకునే చోటే బూట్లు మునుగుతాయి. తడిసిన సుద్ద కూడా తక్కువది కాదు. జనం తొక్కి నున్నగా చేసిన తెల్లబాట సబ్బుబిళ్ళలా జారుతుంది. అలాంటిచోట బాట మధ్యలో కాక అంచున గడ్డి మీద అడుగు వేయాలి.

తెల్లమంచు పేరుకున్న రోజున ఇంకో మెలిక ఉంది. పొద్దున పదిన్నర దాకా నేల రాయిలా గట్టిగా ఉంటుంది, బంకమట్టి పొలం కూడా తారురోడ్డులా నడిపిస్తుంది. ఎండ తగిలాక పై అరంగుళం కరుగుతుంది, అడుగున గడ్డ అలాగే ఉంటుంది. గడ్డ మీద జారుడు పొర, రోజంతటిలోకీ ప్రమాదకరమైన వేళ అదే. కాబట్టి వరస ఇలా వేసుకోవాలి: బంకమట్టి పొలాలు పొద్దున్నే, దక్షిణపు వాలు మధ్యాహ్నం, తారు వేసిన పల్లెసందులు ఆఖర్న. పుస్తకాల్లో, యాపుల్లో దొరికే తయారు నడకలు దీన్ని పట్టించుకోవు. అదే నడకని తిరగేసి చేస్తే చాలావరకు సరిపోతుంది.

ఇక గంటల లెక్క. నెయిస్మిత్ అనే స్కాట్లండు కొండల ఆసామి 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: గంటకి ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. పది కిలోమీటర్లు, 250 మీటర్ల ఎక్కుడు అయితే రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. ఎండాకాలంలో సరే. చలికాలపు బురదలో గంటకి మూడున్నర కిలోమీటర్లు వేసుకోండి, అదే నడక మూడుంబావు గంటలవుతుంది. భోజనానికి అరగంట, గేట్లు తీసి వేయడానికీ ఫొటోలకీ పావుగంట, మొత్తం నాలుగు గంటలు. పదింటికి బయల్దేరితే రెండింటికి తిరిగి స్టేషనులో ఉంటారు. పన్నెండింటికి బయల్దేరితే మూడున్నరకి ఇంకా అడవిలో ఉంటారు, అడవిలో చీకటి బయటికన్నా ముందే పడుతుంది. నాలుగు కిలోమీటర్లు తగ్గించుకోవడానికి వీలుగా మధ్యలో ఒక అడ్డదారిని రాత్రే గుర్తుపెట్టుకోవాలి. దాన్ని పెన్సిలుతోనే గీసుకోండి, చెరిపేసి మళ్ళీ వాడుకోవచ్చు.

ఈ లెక్కలన్నీ బాక్స్ హిల్ మీదే సరిచూద్దాం. బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషనులో దిగితే ఏ24 రోడ్డు అడ్డం. పరిగెత్తి దాటే రోడ్డు కాదది, కింద నడకదారి సొరంగం ఉంది. అవతల మోల్ నది. మ్యాపు గళ్ళకి వేసిన అక్షరాలూ అంకెలూ చూస్తే, టీక్యూ 17 51 గడిలో నదికి అడ్డంగా స్టెపింగ్ స్టోన్స్ అని ఉంటుంది. పదిహేడు రాళ్ళు, ఒక్కొక్కటీ ఒక్కో అడుగు. యుద్ధకాలంలో పోయిన పాతవాటి స్థానంలో వేసిన వీటిని 1946లో అప్పటి ప్రధాని క్లెమెంట్ అట్లీ ప్రారంభించాడు. వానల తర్వాత నది పొంగితే ఈ రాళ్ళు నీళ్ళలో మునిగిపోతాయి. మునగకపోయినా మంచు పొద్దున్న వాటి మీద కంటికి కనబడని గడ్డపొర ఉంటుంది. వంగి చేత్తో తాకి చూడండి, వేలు జారితే కాలూ జారుతుంది. దగ్గర్లోనే కాలిబాట వంతెన ఉంది, మ్యాపులో ఉంటుంది కూడా. నాలుగు నిమిషాల దూరానికి మొండికేసి జనవరి నీళ్ళలో పడేవాళ్ళు పడుతూనే ఉంటారు.

నది దగ్గర ఎత్తు సుమారు 50 మీటర్లు, సాలమన్స్ మెమోరియల్ వ్యూపాయింటు దగ్గర సుమారు 170. మధ్యలో దళసరి కాంటూరు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి, అంటే నిటారు ఎక్కుడు. చెక్క అంచులు కట్టిన మెట్లు వందల్లో ఉన్నాయి. చుట్టూ యూ చెట్లు, కొండకి పేరిచ్చిన బాక్స్ చెట్లు. రెండూ ఆకురాల్చనివి, కాబట్టి చలికాలమంతా ఆ దారి నీడలోనే ఉంటుంది. మెట్లు తడిగానో మంచుగానో ఉంటాయి. వీటి మీదుగా ఎక్కండి, దిగొద్దు. ఎక్కేటప్పుడు జారితే చేతులు ఆనుతాయి, దిగేటప్పుడు జారితే వీపు ఆనుతుంది. దిగడానికి పడమటి గడ్డివాలు, బర్‌ఫర్డ్ స్పర్, మంచిది. మధ్యాహ్నం ఎండ దాని మీదే పడుతుంది, తడిగడ్డి జారినా కిందపడితే పెద్దగా దెబ్బ తగలదు.

వ్యూపాయింటు దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది. 1914లో ఈ కొండని కొని జాతికిచ్చిన లియోపోల్డ్ సాలమన్స్ పేర కట్టిన రాతి తిన్నె అది. పన్నెండింటికి అక్కడికి చేరేలా చూసుకుంటే రెండు డిగ్రీల చలిలో కూడా మొహానికి వెచ్చగా తగులుతుంది. కింద డోర్కింగ్ ఇళ్ళు, అవతల వీల్డ్ మీద పొగమంచు పాలు పోసినట్టు నిలిచి ఉంటుంది. నడుముకి తెల్లపట్టీ ఉన్న నల్ల ఆవులు వాలు మీద మేస్తుంటే బెదరక్కర్లేదు, ఈ కొండని చూసుకునే నేషనల్ ట్రస్టువాళ్ళు గడ్డి అదుపులో ఉంచడానికి పెట్టుకున్నవి. కుక్కని తెచ్చుకుంటే మాత్రం పట్టీ వదలకండి. టీ కొట్టు కొండపైన ఉంది కానీ చలికాలం త్వరగా మూస్తారు, దాన్ని నమ్ముకుని ఖాళీచేతులతో రావద్దు.

తిండి గురించి ఒక్క మాట. పులిహోర మన ప్రయాణాల తిండే కానీ ఈ చలికి అన్నం మెతుకు మెతుకూ బిరుసెక్కిపోతుంది, నెయ్యి తగిలిన ప్రతిదీ గడ్డకట్టి అంగుట్లో అంటుకుంటుంది. నువ్వులనూనెతో చేసిన పొడికూర చుట్టిన చపాతీలు నయం. ఫ్లాస్కులో ముందు మరిగిన నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, తర్వాత టీ నిండుగా పోయాలి. సగం ఫ్లాస్కు టీ, నిండు ఫ్లాస్కు టీ కన్నా చాలా ముందే చల్లారుతుంది. మంకీక్యాపు వెచ్చగా ఉంటుంది, నవ్వేవాళ్ళు నవ్వనీ. కానీ దానికి చూరు ఉండదు. మధ్యాహ్నం నైరుతిగా నడిచేటప్పుడు పదిహేను డిగ్రీలు కూడా లేని ఎండ సరిగ్గా కళ్ళలోకే కొడుతుంది, కాబట్టి చూరున్న టోపీ ఒకటి ఉండాలి. ఆ వేళ పల్లెరోడ్డు మీద కారు నడిపేవాడికీ అదే ఎండ కళ్ళలో పడుతుంది. ఎదురొచ్చే వాహనాలు కనబడేలా కుడిపక్కన నడవండి, వాడికి మీరు కనబడడంలేదనే అనుకోండి.

అసలు ఎక్కువదూరం నడవదలిస్తే వ్యూపాయింటు నుంచి నార్త్ డౌన్స్ వే వెంట తూర్పుగా పోయి బెచ్‌వర్త్ స్టేషనులో తేలొచ్చు. దారిపొడుగునా ఓకు గింజ బొమ్మ ఉన్న గుర్తుపలకలు ఉంటాయి. అయితే బెచ్‌వర్త్‌లో ఆగే రైళ్ళు బహు తక్కువ, టైము ముందే చూసుకోవాలి. రైళ్ళ మాటొచ్చింది కాబట్టి: డిసెంబరు 25న ఇంగ్లండులో రైళ్ళే నడవవు, 26న దాదాపు నడవవు, ఆ వారమంతా పట్టాల మరమ్మతులు. క్రిస్మస్ సెలవుల్లో కొండకి పోదామని మ్యాపు కొనుక్కుని ప్లాట్‌ఫాం మీద నిలబడే వాళ్ళు ఈ వాక్యం కోసమైనా రివ్యూ చదవాలి. అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా ఫెజెంట్ పిట్టల వేట కాలం. అడవి అంచున తుపాకుల మోత వినిపిస్తే కంగారుపడకుండా ఆకుపచ్చ గీత మీదే ఉండండి. ఆదివారాలు ఆ గొడవ ఉండదు.

ఇప్పుడు యాపు సంగతి. కాగితం మ్యాపు కొంటే అట్ట లోపల గీకే పట్టీ కింద ఒక కోడు ఉంటుంది. దాన్ని ఆర్డ్‌నెన్స్ సర్వే యాపులో కొడితే అదే షీటు ఫోనులోకి వస్తుంది. ఒకసారి వాడిన కోడు మళ్ళీ పనికిరాదు. సెకండుహ్యాండులో చవగ్గా కొనేవాళ్ళు ముందు ఆ పట్టీ గీకారో లేదో చూసుకోవాలి, అట్టమీద అచ్చయిన సంవత్సరమూ చూసుకోవాలి. దారులు మళ్ళిస్తుంటారు, పదిహేనేళ్ళ నాటి షీటు పట్టుకుపోతే పోట్లాట నేలతోనే. కోడు లేకుండా అన్ని షీట్లూ యాపులో కావాలంటే చందా కట్టాలి. ఏడాదికి నాలుగైదు సార్లు నడిచేవాళ్ళకి రెండు కాగితాలు చాలు, ప్రతి వారం కొత్తచోటికి పోయేవాళ్ళకి చందా గిట్టుబాటు.

యాపు పాడయ్యే తీరు అందరికీ ఒకటే. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు షీటు దింపుకోరు, లోయలో సిగ్నలు పోతుంది, తెర మీద ఖాళీ గళ్ళు. జీపీఎస్‌కి సిగ్నలు అక్కర్లేదు, నీలిచుక్క ఉంటుంది, దాని కింద మ్యాపే ఉండదు. రెండోది బ్యాటరీ. సున్నా డిగ్రీల దగ్గర ఫోను బ్యాటరీ సత్తువ పడిపోతుంది, ముప్పై శాతం చూపిస్తూనే ఆరిపోవచ్చు. లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకోండి, ఎయిర్‌ప్లేన్ మోడులో ఉంచండి, చూడాల్సినప్పుడే తీయండి. ఎవరికైనా కాలు మడతపడితే అత్యవసర సాయపు నంబరు 999కి చెప్పాల్సింది ఊరిపేరు కాదు, మీరున్న గడిని చెప్పే గ్రిడ్ నంబరు. ఆరంకెల నంబరు వంద మీటర్ల గడిని చూపిస్తుంది. మాట వినబడనంత బలహీనమైన సిగ్నలులో మెసేజి పోయే అవకాశముంది. అందుకని 'రిజిస్టర్' అన్న ఇంగ్లీషు మాటని 999కి ముందే మెసేజి పెట్టి నమోదు చేసుకోండి, ఇంట్లో కూర్చుని చేసే రెండు నిమిషాల పని.

దిక్సూచి వాడేవాళ్ళకి ఇప్పుడు కాలం కలిసొచ్చింది. అయస్కాంతపు ఉత్తరం, మ్యాపు గళ్ళ ఉత్తరం ఈ ప్రాంతంలో ప్రస్తుతం దాదాపు ఒకటే, కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు.

లోట్లు చెప్పకపోతే రివ్యూ కాదు. విప్పితే షీటు మీటరు పైనే, గాలిలో తెరచాపే. అది అక్కడ విప్పే వస్తువు కాదు. ఇంట్లోనే మీ నడక బయటికి వచ్చేలా తిరగేసి మడిచి పారదర్శకపు కవరులో పెట్టుకోండి. ప్లాస్టిక్ పూత పూసిన 'ఆక్టివ్' రకం తడవదు, చిరగదు. కానీ దాదాపు రెట్టింపు మందం, చెప్పినట్టు మడత పడదు, పెన్సిలు గీత నిలవదు. ఎండ కాసే రోజులకే పోయేవాళ్ళకి అది దండగ. బురద, మూసేసిన దారి, కూలిన చెట్టు మ్యాపులో ఉండవు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది, కంచె దాటే చోట ఏముందో చూపదు. తోసుకుని పోయే గేటు కావచ్చు, స్టైల్ కావచ్చు. స్టైల్ అంటే కంచెకి అడ్డంగా బిగించిన ఒకటి రెండు చెక్కపలకలు. వాటి మీదికెక్కి అవతలికి కాలు వేసి దిగాలి. మనకి ఆటే. కానీ ఊరినుంచి వచ్చిన అమ్మ చీరతో అది దాటాలంటే, మోకాళ్ళ నొప్పుల నాన్నకి ఆ పలక మంచుతో మెరుస్తుంటే, ఒక్క నడకలో అలాంటివి ఎనిమిది వచ్చాయంటే మళ్ళీ రమ్మన్నా రారు. పెద్దవాళ్ళతోనో పిల్లల బండితోనో పోయేటప్పుడు ఫుట్‌పాత్‌లు వదిలి పొడుగు ఆకుపచ్చ గీతల బ్రిడిల్‌వేలే ఎంచుకోండి. గుర్రం స్టైల్ ఎక్కదు కాబట్టి అక్కడ గేట్లే ఉంటాయి. గిట్టలు తొక్కిన బురద ఎక్కువుంటుంది, దానికి బూట్లు కడుక్కుంటే సరి.

మామూలు కాగితం రకం, ఎక్స్‌ప్లోరరే, కొత్తది, గీకని కోడుతో కొనండి. బ్యాగులో పెట్టేముందు రాత్రి ఒక గంట బల్ల మీద ఉంచండి. వాతావరణ సూచనలో రేపు ఎండ అని చెప్పే సాయంత్రానికి షాపులు మూసేసి ఉంటాయి, కాబట్టి నవంబరులోనే తెచ్చిపెట్టుకోండి.